టీసీ చేతిలో పెడితే సరిపోతుందా?

కాలేజీలో ఒక స్టూడెంట్ "కాస్త తేడాగా ఉన్నాడు" అని తెలిస్తే మన దగ్గర సాధారణంగా రెండే పనులు జరుగుతాయి. మొదటిది, విషయం బయటికి పొక్కకుండా చూసుకోవడం. అది కుదరకపోతే రెండోది. అమ్మానాన్నల్ని పిలిపించి, "మీవాణ్ణి కొన్నాళ్లు ఇంటికి తీసుకెళ్లండి, వీలైతే వేరే కాలేజీ చూసుకోండి" అని టీసీ చేతిలో పెట్టడం. ఆ సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సమస్య తీరిపోయిందని కాదు, గేటు దాటి వెళ్లిపోయిందని.

శ్రీకాకుళం నుంచో, పార్వతీపురం నుంచో అప్పు చేసి పిల్లాణ్ణి విశాఖ పంపిన తండ్రి ఆ కాగితం పట్టుకుని కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడతాడు. పక్కన కొడుకు. కొడుక్కి ఏమైందో తండ్రికి తెలీదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. రాత్రి ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో తెలీదు. కాలేజీకి మాత్రం ఇక బాధ్యత లేదు. అలా అని కాలేజీ అనుకుంటుంది.

నిజంగానే లేదా? ఈ వారం మాట్లాడుకుందాం అనుకున్నది ఇదే. ఒక స్టూడెంట్ తనకి తానో, పక్కవాళ్లకో హాని చేసేలా ఉన్నాడని అనుమానం వచ్చినప్పుడు కాలేజీ ఏం చేయాలి? చేయకపోతే ఎవరిని అడగాలి?

విశాఖ నుంచి సుప్రీంకోర్టు దాకా

ఈ ప్రశ్నకి దేశం మొత్తానికి వర్తించే జవాబు ఒకటి మన విశాఖ కేసులోంచే పుట్టింది. చాలామందికి ఈ సంగతి తెలీదు.

పశ్చిమ బెంగాల్ నుంచి ఒక 17 ఏళ్ల అమ్మాయి నీట్ కోచింగ్ కోసం విశాఖ వచ్చింది. హాస్టల్‌లో ఉండేది. 2023 జూలైలో చనిపోయింది. ఏం జరిగిందో తేల్చమని, స్థానిక దర్యాప్తు మీద నమ్మకం లేదని, సీబీఐకి ఇవ్వమని ఆమె తండ్రి కోర్టుకెక్కాడు. హైకోర్టు ఒప్పుకోలేదు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అక్కడితో ఆగలేదు. దేశంలోని స్కూళ్లు, కాలేజీలు, యూనివర్సిటీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వం చట్టం చేసేదాకా ఇవే చట్టం అని చెప్పింది.

అందులో ముఖ్యమైనవి చూడండి. 100 మంది, అంతకంటే ఎక్కువ స్టూడెంట్స్ ఉన్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే బయటి నిపుణులతో రాతపూర్వకంగా ఏర్పాటు చేసుకోవాలి. ఎవరికైనా అత్యవసరమైతే ఏ ఆస్పత్రికి, ఎవరి ద్వారా పంపాలో ముందే రాసిపెట్టుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో, వెబ్‌సైట్లో పెద్ద అక్షరాలతో కనపడాలి. టీచింగ్, నాన్ టీచింగ్ స్టాఫ్ అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టి, అందరి ముందూ పరువు తీసే పద్ధతులు మానుకోవాలి. వేధింపులూ ర్యాగింగూ మీద ఫిర్యాదు వస్తే వెంటనే కదలాలి. కదలకపోతే ఆ నిర్లక్ష్యం సంస్థ నేరమే అవుతుంది.

నాన్ టీచింగ్ స్టాఫ్ అన్న మాట ఒకసారి గమనించండి. స్టూడెంట్ మూడు రోజులుగా భోజనం చేయట్లేదని ముందు తెలిసేది ప్రిన్సిపాల్‌కి కాదు, మెస్‌లో వడ్డించే అన్నకి.

ఇప్పుడు మీ కాలేజీ గోడలు ఒకసారి గుర్తుచేసుకోండి. ర్యాంకర్ల ఫ్లెక్సీలు ఎన్ని ఉన్నాయి? హెల్ప్‌లైన్ నంబర్ ఎక్కడ ఉంది?

ఇద్దరూ ఒకే పిల్లాడు కావచ్చు

"ఇదంతా ఆత్మహత్యల గురించి కదా, పక్కవాళ్లకి ప్రమాదంగా ఉండేవాళ్ల సంగతేంటి?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కానీ తనకి తాను హాని చేసుకునేవాడూ, ఎదుటివాళ్లకి హాని చేసేవాడూ వేరువేరు జాతులు కారు. కొన్నిసార్లు ఇద్దరూ ఒకే మనిషి. నిద్ర పోయింది, క్లాసులు మానేశాడు, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారని అంటున్నాడు, బతకడం దండగ అంటున్నాడు, ఎవరినో వదలనంటున్నాడు. ఇది ఎటు తిరుగుతుందో ముందే చెప్పడం పెద్ద డాక్టర్లకి కూడా కష్టం. అందుకే "ఇతను ప్రమాదమా, ప్రమాదంలో ఉన్నాడా" అని తేల్చాకే కదులుదాం అనుకుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఎవరికీ పూర్తి కథ తెలీదు. రూమ్‌మేట్‌కి తెలిసింది, రాత్రంతా లైటు వేసుకుని గోడతో మాట్లాడుతున్నాడని. ల్యాబ్ అసిస్టెంట్‌కి తెలిసింది, ఏదో విసిరేశాడని. లెక్చరర్‌కి తెలిసింది, రికార్డులో భయపెట్టే రాతలేవో రాశాడని. ఒక అమ్మాయికి తెలిసింది, రోజుకి యాభై మెసేజ్‌లు వస్తున్నాయని. వార్డెన్‌కి తెలిసింది, ఇంటి నుంచి ఫోన్లు ఎత్తట్లేదని. ఒక్కొక్కటీ విడిగా చూస్తే "పోనీలే" అనిపిస్తుంది. ఐదూ ఒకే టేబుల్ మీద పెడితే ఎవరూ పోనీలే అనరు. ఆ టేబులే మన కాలేజీల్లో లేదు.

అమెరికాలో వర్జీనియా టెక్ యూనివర్సిటీలోనూ ఇదే జరిగింది. 2007 ఏప్రిల్ 16న అక్కడ ఒక విద్యార్థి 32 మందిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో తమిళనాడులో పుట్టిన ప్రొఫెసర్ జి.వి.లోగనాథన్ కూడా ఉన్నారు. తర్వాత విచారణ జరిగితే తేలిందేమిటి? ఏడాదిన్నర ముందే అతని రాతలు చూసి ఇంగ్లిష్ టీచర్లు భయపడ్డారు. ఒక ప్రొఫెసర్ అతన్ని తన క్లాసులోంచి తప్పించింది. అమ్మాయిలు క్యాంపస్ పోలీసులకి ఫిర్యాదు చేశారు. తోటి స్టూడెంట్స్ అతని ఆత్మహత్య మాటల గురించి చెప్పారు. 2005 డిసెంబర్‌లో న్యాయాధికారి చికిత్స తీసుకోవాలని ఆదేశించాడు కూడా. ఆ చికిత్స జరిగిందో లేదో చూసినవాడు లేడు. ఇంట్లోవాళ్లకి చెప్పినవాడు లేడు. ప్రైవసీ చట్టం ఒప్పుకోదేమో అని ఎవరికి వాళ్లు నోరు మూసుకున్నారు. చట్టం నిజానికి అంత కట్టడి చేయలేదని, జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారని విచారణ కమిటీ తేల్చింది. మరుసటి ఏడాది వర్జీనియా రాష్ట్రం ప్రభుత్వ కాలేజీలన్నిటిలో ఇలాంటి సమాచారం అంతా ఒకచోట చూసే బృందం ఉండాలని చట్టం చేసింది.

అదే ఆ టేబుల్. దానికి 32 ప్రాణాలు ఖర్చయ్యాయి.

ఓడల చదువుకి వెళ్లిన కుర్రాడు

మనకి ఇంకా దగ్గరగా ఉండే కథ ఒకటుంది. బెంగాల్ నుంచి ప్రొసెంజిత్ పొద్దార్ అనే కుర్రాడు ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీకి నేవల్ ఆర్కిటెక్చర్ చదవడానికి వెళ్లాడు. ఓడల డిజైన్ చదువు. షిప్‌యార్డ్ ఉన్న మన ఊళ్లో ఆ చదువుకున్నవాళ్లు వీధికొకరు దొరుకుతారు. ఇది 1960ల చివరి మాట.

అక్కడ తత్యానా తరసాఫ్ అనే అమ్మాయి పరిచయమైంది. ఆమె స్నేహాన్ని అతను ప్రేమ అనుకున్నాడు. కాదని ఆమె చెప్పింది. అతను కుంగిపోయాడు. చదువు పక్కన పెట్టేశాడు. యూనివర్సిటీ ఆస్పత్రిలో సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాడు, ఆ అమ్మాయిని చంపుతానని ఆయనకి చెప్పాడు. సైకాలజిస్టు తేలిగ్గా తీసుకోలేదు. క్యాంపస్ పోలీసులకి ఉత్తరం రాశాడు. పోలీసులు పట్టుకున్నారు, మాట్లాడారు, "బాగానే ఉన్నాడు" అనిపించి, ఆ అమ్మాయి జోలికి వెళ్లనని మాట తీసుకుని వదిలేశారు. పై డాక్టర్ ఆ ఉత్తరాన్ని వెనక్కి తెప్పించి, కాగితాలన్నీ నాశనం చేయమన్నాడు. తత్యానాకి ఎవరూ చెప్పలేదు. ఆమె ఇంట్లోవాళ్లకీ చెప్పలేదు. 1969 అక్టోబర్ 27న పొద్దార్ ఆమెను చంపేశాడు.

తల్లిదండ్రులు యూనివర్సిటీ మీద కేసు వేశారు. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ ప్రపంచమంతా చదువుకుంటోంది. దాని సారం ఇది. పేషెంట్ రహస్యం కాపాడటం ధర్మమే. కానీ ఒక ఫలానా మనిషి ప్రాణానికి ముప్పు ఉందని తెలిశాక, ఆ మనిషిని కాపాడే ప్రయత్నం చేయడం కూడా ధర్మమే. రహస్యం పేరుతో చేతులు కట్టుకుని కూర్చోవడానికి లేదు.

నలభై ఏళ్ల తర్వాత అదే కోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. లాస్ ఏంజెలిస్‌లో ఒక విద్యార్థికి మాటలు వినిపించేవి. తోటి స్టూడెంట్స్ తనని తిడుతున్నారని ప్రొఫెసర్లకి మెయిళ్లు పెట్టేవాడు. యూనివర్సిటీకి ఇదంతా తెలుసు. 2009లో కెమిస్ట్రీ ల్యాబ్‌లో అతను పక్కనున్న అమ్మాయిని కత్తితో పొడిచాడు. ఆమె బతికింది, కేసు వేసింది. 2018లో కోర్టు చెప్పింది: క్లాసులో, ల్యాబ్‌లో, అంటే చదువు జరుగుతున్న చోట, ముందే ఊహించగలిగే హింస నుంచి స్టూడెంట్స్‌ని కాపాడే బాధ్యత యూనివర్సిటీదే. కాపాడి తీరాలని కాదు. చేయగలిగిన సరైన ప్రయత్నం చేయాలని.

ఈ తీర్పులు మన కోర్టుల్ని కట్టిపడేయవు. కానీ మన చట్టంలోనూ ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1997 నాటి మన ర్యాగింగ్ నిషేధ చట్టమే తీసుకోండి. ఫిర్యాదు వచ్చాక చర్య తీసుకోని కాలేజీ పెద్ద, ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్క అని అది ఎప్పుడో చెప్పింది. తెలిసి ఊరుకోవడం కూడా ఒక పనే, దానికి కూడా జవాబు చెప్పాలి.

"మెంటల్", "సైకో", "ప్రేమోన్మాది"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఎందుకంటే ఇప్పటిదాకా చదివి "అయితే మెంటల్ కేసులన్నిటినీ ఏరి బయటికి పంపేయాలి" అని ఎవరైనా అనుకుంటే, నేను చెప్పేదానికి అది పూర్తిగా తలకిందులు.

డిప్రెషన్, ఆందోళన, ఓసీడీ, స్కిజోఫ్రీనియా ఇలాంటివి ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరి మీదా చెయ్యి ఎత్తరు. వాళ్లు కొట్టేదానికంటే దెబ్బలు తినేదే ఎక్కువ. మందులు వేసుకుంటూ ఫస్ట్ క్లాసులో పాసైనవాళ్లు మీ బ్యాచ్‌లోనే ఉంటారు. మీకు తెలీదు, అంతే. చెప్తే ఏమవుతుందో వాళ్లకి బాగా తెలుసు కాబట్టి చెప్పలేదు.

అదే సమయంలో, మన దగ్గర కాలేజీ అమ్మాయిల మీద జరిగిన ఘోరాల్లో చాలావాటికి జబ్బు కారణం కాదు. 2004లో విజయవాడలో ఒక విద్యార్థినిని క్లాస్‌రూమ్‌లోనే నరికి చంపారు. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ మన పత్రికలు, చానెళ్లు ఒకే మాట వాడతాయి. ప్రేమోన్మాది. అందులో ప్రేమా లేదు, ఉన్మాదమూ లేదు. "నాకు దక్కనిది ఎవరికీ దక్కకూడదు" అన్న పొగరు ఉంది. నెలల తరబడి వెంటపడటం ఉంది, బెదిరింపు ఉంది, ప్లాన్ ఉంది. దానికి ఉన్మాదం అని పేరు పెడితే రెండు నష్టాలు. చేసినవాడికి ఒక సాకు దొరుకుతుంది. ఏ పాపం ఎరగని మానసిక రోగికి ఒక మచ్చ మిగులుతుంది.

కాబట్టి కాలేజీ అడగాల్సిన ప్రశ్న "ఇతనికి జబ్బు ఉందా?" అని కాదు. "ఇతను ఏం చేస్తున్నాడు, ఏం అంటున్నాడు?" అని. ఎవరినైనా పేరుపెట్టి బెదిరించాడా? ఆయుధం గురించి మాట్లాడుతున్నాడా? ఒక మనిషి వెంట పడుతున్నాడా? చనిపోతానంటున్నాడా? ఇవి ప్రవర్తనకి సంబంధించినవి. ఇవి ఉంటే, జబ్బు ఉన్నా లేకపోయినా కదలాలి. ఇవేవీ లేకుండా ఉత్తినే మౌనంగా ఉంటాడు, ఒంటరిగా తింటాడు, వింతగా డ్రెస్ వేస్తాడు అంటే అది ఎవరి సొంత వ్యవహారం వాళ్లది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ ముక్క చెప్తుంది. సమాజం పద్ధతులకి భిన్నంగా ఉన్నాడని ఎవరికీ మానసిక రోగి ముద్ర వేయకూడదు. ఒకప్పుడు చికిత్స తీసుకున్నాడని ఇప్పుడూ రోగే అని తేల్చకూడదు.

ముద్ర వేయడం ఎంత సులువో, ఎంత ప్రమాదమో విశాఖకి చెప్పక్కర్లేదు. మాస్కులు లేవని మాట్లాడి సస్పెండ్ అయిన నర్సీపట్నం మత్తు డాక్టర్ సుధాకర్‌ని 2020 మేలో ఇదే ఊళ్లో నడిరోడ్డు మీద చేతులు కట్టేసి పోలీసులు తీసుకెళ్లిన వీడియో మీరందరూ ఫోన్లలోనే చూశారు. అక్కణ్ణుంచి కేజీహెచ్, అక్కణ్ణుంచి మానసిక వైద్యశాల. హైకోర్టు కలగజేసుకుని సీబీఐ విచారణకి ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి ఆయన చనిపోయారు. ఒక డాక్టర్ పరిస్థితే అదైతే, ప్రిన్సిపాల్‌కి ఎదురు మాట్లాడిన సెకండియర్ కుర్రాడి పరిస్థితి ఏంటి? ప్రమాదకర స్టూడెంట్ అన్న ముద్ర, ఫీజుల మీద గొడవ చేసేవాడి నోరు మూయించే ఆయుధం కాకూడదు. అందుకే ఈ నిర్ణయం ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకూడదు. రాతపూర్వకంగా, కారణాలతో, అతని మాట కూడా విని చేయాలి.

మన జోకుల్ని కూడా కాస్త చూసుకోవాలి. హైదరాబాద్ వాళ్లకి ఎర్రగడ్డ, మనకి చినవాల్తేరు. "వీణ్ణి వాల్తేరులో వేయాలిరా" అని నవ్వుకుంటాం. ఆ నవ్వు విన్నవాడు, నిజంగా అవసరమైన రోజున ఆ ఆస్పత్రి గేటు వైపు చచ్చినా వెళ్లడు.

టీసీ ఎందుకు పరిష్కారం కాదు

మళ్లీ మొదటి ప్రశ్నకి వద్దాం. ఇంటికి పంపేస్తే ఏం?

అమెరికాలోనే అరిజోనాలో పీమా కమ్యూనిటీ కాలేజీ సరిగ్గా ఇదే చేసింది. ఒక స్టూడెంట్ క్లాసుల్లో విచిత్రంగా ప్రవర్తిస్తున్నాడు, తోటివాళ్లు భయపడుతున్నారు. 2010 సెప్టెంబర్ చివర్లో సస్పెండ్ చేసింది. "నీ వల్ల ప్రమాదం లేదని మానసిక నిపుణుడి దగ్గర కాగితం తెస్తేనే మళ్లీ రానిస్తాం" అని ఉత్తరం పంపింది. కాలేజీ క్యాంపస్ వరకూ సేఫ్. ఆ కాగితం అతను తేలేదు. తెమ్మని వెంటపడినవాడూ లేడు. 2011 జనవరి 8న టూసాన్‌లో ఒక సూపర్ మార్కెట్ ముందు అతను ఆరుగురిని కాల్చి చంపాడు. పార్లమెంటు సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ తలకి బుల్లెట్ గాయంతో చావు తప్పించుకుంది.

కాలేజీ తప్పంతా చేసిందని కాదు. కానీ ప్రమాదాన్ని గేటు బయటికి నెట్టడం వేరు, తగ్గించడం వేరు. స్టూడెంట్‌గా ఉన్నంతకాలం అతని మీద పది కళ్లు ఉంటాయి. రూమ్‌మేట్, మెంటర్, వార్డెన్. టీసీ ఇచ్చిన క్షణం ఆ కళ్లన్నీ మూసుకుపోతాయి. పైగా చదువు పోయిందన్న అవమానం తోడవుతుంది. తనకి తాను హాని చేసుకునే ఆలోచనలో ఉన్నవాడికి అదే ఆఖరి దెబ్బ కావచ్చు.

కొన్నిసార్లు దూరంగా ఉంచక తప్పదు. ఒక అమ్మాయిని చంపుతానన్నవాణ్ణి ఆమె పక్క బెంచీలో కూర్చోబెట్టలేం. అప్పుడు కూడా ఇంటికి పంపడం అంటే అప్పగింత కావాలి, వదిలించుకోవడం కాదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో అపాయింట్‌మెంట్ కాలేజీయే తీసుకోవాలి. ఇంట్లోవాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వారానికోసారి ఫోన్ చేసేవాళ్లు ఒకరుండాలి. ఏం జరిగితే వెనక్కి రావచ్చో రాసివ్వాలి. బెదిరింపుకి గురైన అమ్మాయికి విషయం చెప్పాలి, ఆమె భద్రత ఏర్పాటు చేయాలి. "నువ్వే కొన్నాళ్లు కాలేజీకి రాకమ్మా" అని ఆమెకి చెప్పడం భద్రత కాదు, శిక్ష.

చట్టం చేతులు కట్టేయలేదు

"మేం లెక్చరర్లం సార్, ఇవన్నీ మాకెలా తెలుస్తాయి? రేపు ప్రైవసీ అని మా మీదే కేసు వేస్తే?" స్టాఫ్ అడిగే ప్రశ్న ఇది. భయం అర్థం చేసుకోదగ్గదే. జవాబు చట్టంలోనే ఉంది.

2017 చట్టం పేషెంట్ వివరాలు రహస్యంగా ఉంచాలంటుంది. అదే సెక్షన్ 23లో మినహాయింపులూ ఉన్నాయి. ఇంకొకరికి హాని జరగకుండా ఆపడానికి అవసరమైతే చెప్పొచ్చు. ఎంత అవసరమో అంత మాత్రమే. అంటే "ఇతని వల్ల నీకు ప్రమాదం ఉంది, జాగ్రత్త" అని చెప్పొచ్చు. అతని చిన్నప్పటి కథంతా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. ఈ రూలు డాక్టర్లకీ, మానసిక నిపుణులకీ. క్లాసులో తన కళ్లతో చూసింది చెప్పడానికి లెక్చరర్‌కి ఈ అడ్డు కూడా లేదు.

ప్రాణం మీదికి వచ్చే పరిస్థితిలో సైకియాట్రిస్టే ఉండాలని లేదు. రిజిస్టర్ అయిన డాక్టర్ ఎవరైనా అత్యవసర చికిత్స మొదలుపెట్టొచ్చు, 72 గంటల వరకు. మానసిక జబ్బు వల్ల తనకో, ఎదుటివాళ్లకో ప్రమాదంగా ఉన్నాడని పోలీసులకి అనిపిస్తే రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలి, శిక్షించకూడదు. ఇవన్నీ 2018 నుంచి అమల్లో ఉన్నాయి. మన ప్రిన్సిపాళ్లలో ఎంతమంది చదివారో వాళ్లనే అడగాలి.

స్టీల్ ప్లాంట్‌ని చూసి నేర్చుకోవచ్చు

మీ నాన్నో, బాబాయో స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తుంటే "నియర్ మిస్" అన్న మాట ఇంట్లో వినే ఉంటారు. పైనుంచి బోల్టు పడింది, ఎవరికీ తగల్లేదు. అయినా రాస్తారు. ఎందుకంటే రేపు తగలొచ్చు. రాసినవాణ్ణి తిట్టరు, తిడితే ఇంకెవరూ రాయరు. పోర్టులో అయితే ఎంత పెద్ద కెప్టెన్ అయినా చానెల్ తెలిసిన పైలట్‌ని ఎక్కించుకున్నాకే ఓడ లోపలికొస్తుంది. ఉక్కుకీ ఓడలకీ ఇన్ని జాగ్రత్తలు తెలిసిన ఊళ్లో, వేల మంది పిల్లలున్న క్యాంపస్‌కి అది రాదా?

పెద్ద ఖర్చేం కాదు. ఎవరికి చెప్పాలో ఒక పేరు, ఒక నంబర్. చెప్పినవాళ్ల పేరు బయటపడదన్న హామీ. కౌన్సెలర్, సీనియర్ లెక్చరర్, వార్డెన్, మహిళా ప్రతినిధి ఉన్న నలుగురైదుగురి బృందం, వచ్చిన ప్రతి కబురునీ 24 గంటల్లో ఒకే టేబుల్ మీద పెట్టి చూడటం. కేజీహెచ్‌తోనో, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలతోనో, దగ్గర్లోని సైకియాట్రిస్టుతోనో ముందే ఒప్పందం. తీసుకున్న ప్రతి నిర్ణయానికీ కాగితం. న్యాక్ టీమ్ వస్తుందంటే నెలరోజుల్లో ఫైళ్లు, మొక్కలు, రంగులు అన్నీ రెడీ చేయగల మేనేజ్‌మెంట్లకి ఇది చేతకాదంటే నమ్మలేం.

మీ చేతిలో ఉన్నది

అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి అక్కడి స్కూళ్లలో జరిగిన 37 దాడుల్ని పరిశీలించి 2002లో రిపోర్టు ఇచ్చాయి. 81 శాతం ఘటనల్లో, దాడి చేసినవాడి ఆలోచన ముందే కనీసం ఒక్కరికైనా తెలుసు. ఎక్కువగా ఆ ఒక్కరు టీచర్ కాదు, పేరెంట్ కాదు. తోటి స్టూడెంట్. అంటే మీరు.

కాబట్టి ఫ్రెండ్ స్టేటస్‌లో "ఇదే లాస్ట్", "అందరి లెక్కా తేలుస్తా" లాంటివి కనిపిస్తే నవ్వే ఎమోజీ పెట్టి వదిలేయకండి. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో తిప్పకండి. అది పనికొచ్చేది ఒక్కచోటే, చర్య తీసుకోగలిగినవాళ్ల దగ్గర. ముందు ఫోన్ చేయండి, వీలైతే వెళ్లి పక్కన కూర్చోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగొచ్చు. అడిగితే ఆలోచన పుట్టదు, లోపలున్న ఆలోచన బయటికొస్తుంది. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే ఒట్టు వేయకండి. "నీకోసం సాయం చేసేవాళ్లకి మాత్రం చెప్తా" అనండి. రేపు వాడు మీతో మాట్లాడటం మానేయొచ్చు. మానేయనివ్వండి, మాట్లాడకపోవడానికైనా వాడు ఉండాలి కదా.

టెలీ మానస్ నంబర్ 14416. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ కోసమే కాదు, ఫ్రెండ్ విషయంలో ఏం చేయాలో అడగడానికి కూడా చేయొచ్చు. ఆయుధం కనిపించినా, ఎవరి మీదైనా దాడి జరిగేలా ఉన్నా నేరుగా 112కి చేయండి. హీరోయిజం వద్దు. కాలేజీకి చెప్పేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకుండా, రెండు వాక్యాలైనా సరే మెయిల్ పెట్టండి. తేదీ ఉంటుంది, "మాకు తెలీదు" అనడానికి రేపు ఎవరికీ వీలుండదు.

ఇక ఈ సోమవారం కాలేజీకి వెళ్లగానే ఒక చిన్న పని. మీ క్లాస్ రిప్రజెంటేటివ్‌తో కలిసి ప్రిన్సిపాల్ గారికి ఒక లెటర్ ఇవ్వండి. మర్యాదగానే. మన కౌన్సెలర్ ఎవరు, ఏ రూమ్, ఏ టైమ్? ఎవరి గురించైనా భయం వేస్తే ఎవరికి చెప్పాలి? సుప్రీంకోర్టు చెప్పిన స్టాఫ్ ట్రైనింగ్ ఈ ఏడాది ఎన్నిసార్లు జరిగింది? ఈ మూడూ అడగండి. రిసీవ్డ్ అని స్టాంపు వేయించుకోండి. బిడ్డను పోగొట్టుకున్న ఒక తండ్రి బెంగాల్ నుంచి విశాఖకి, విశాఖ నుంచి ఢిల్లీకి తిరిగి సంపాదించిపెట్టిన హక్కు అది. మీరు తిరగాల్సింది ఆఫీస్ రూమ్ దాకా.